రావుగారుగారు

మా బావమరిది కూతురి పెళ్ళికి శుభలేఖలు పంచిన రెండోనాడు పొద్దున్నే ఫోను మోగింది.

"బావగారూ, మా వియ్యంకుణ్ణి మరీ అంత గౌరవించనక్కరలేదు" అన్నాడు మా బావమరిది.

నాకు బోధపడలేదు.

"కవరు మీద 'మాధవ రావుగారుగారు' అని వున్నదట. ఆయన రెండుసార్లు చదువుకొని, పిల్లవాళ్ళు మర్యాదస్థులే గాని కాస్త నత్తి వున్నట్టుంది అన్నాడట."

ఫోను పెట్టేశానో లేదో మళ్ళీ మోగింది. ఈసారి మా పెద్దనాన్నగారి అబ్బాయి. "ఒరే తమ్ముడూ, మా వూరి పేరు ఎప్పుడు మార్చారురా? కవరు మీద 'రావుగారులపాలెం' అని వున్నది. పోస్టుమాను పాపం నవ్వుకొంటూ తెచ్చి యిచ్చాడు" అన్నాడు. ఆయనది కోనసీమలోని రావులపాలెం.

ఆ కవర్ల మీద చిరునామాలు తయారుచేసిన ఘనుణ్ణి నేనే. పదవీ విరమణ చేసిన తరువాత మనమరాలు శ్రావణి దగ్గర కంప్యూటరు నేర్చుకొంటున్నాను. అందులో "రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్" అని ఒక విద్య వున్నది. వేల పంక్తులున్న జాబితాలో మనకు కావలసిన ఆకారం గల మాటలను వెతికి పట్టుకోవడానికి, అవసరమైతే మార్చివేయడానికి, గుర్తులతో ఒక మూస తయారు చేస్తారు. మూస సరిగా వుంటే నాలుగు రోజుల పని నాలుగు సెకన్లలో అవుతుంది. మూసలో పొరపాటుంటే ఆ పొరపాటు కూడా నాలుగు సెకన్లలోనే వెయ్యి చోట్ల అవుతుంది.

జాబితాలో కొందరికి "రావు" అనీ, కొందరికి "రావుగారు" అనీ వున్నది. అందరినీ రావుగార్లను చేద్దామని నేను రాసిన మూస ఇది:

రావు|రావుగారు

మధ్యనున్న నిలువుగీతకు "ఇదైనా, అదైనా" అని అర్థం. ఇంగ్లీషులో ఆల్టర్నేషన్ అంటారు. దొరికినచోటల్లా "రావుగారు" అని పెట్టమన్నాను. యంత్రం ఏం చేసిందంటే, "మాధవ రావుగారు" దగ్గరకు వచ్చి మొదటి మాట "రావు" వున్నదా అని చూసింది. వున్నది. ఇక రెండో మాట సంగతి అడగనే లేదు. మొదటి సంబంధం కుదిరితే రెండో సంబంధం చూడని తండ్రి వంటిది అది. "రావు" తీసి "రావుగారు" పెట్టింది. పాత "గారు" ఎక్కడిదక్కడే వుండిపోయింది. అదీ నత్తి కథ.

పొడుగు మాటను ముందు రాసి వుంటే, అంటే "రావుగారు|రావు" అని వుంటే, ఈ నగుబాటు వుండేది కాదు. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్, పెర్ల్ అన్నీ ఈ పద్ధతివే: ముందు రాసినదానికే మర్యాద. గ్రెప్, ఆక్ వంటి పాతకాపులు మాత్రం రెండిటిలో ఏది పొడుగైతే దానినే పట్టుకొంటాయి. కనుక ఒకచోట సరిగ్గా నడిచిన మూస ఇంకొకచోట తప్పు నడుస్తుంది. పొడుగుది ముందు రాసే అలవాటు చేసుకొంటే రెండుచోట్లా క్షేమం.

రావులపాలెం సంగతి వేరు. "రావు" అన్నప్పుడు, అది మాట చివర వుండాలని నేను చెప్పలేదు. చెప్పకపోతే యంత్రం వూహించుకోదు. "రావు" తరువాత ఖాళీ గాని, పంక్తి చివర గాని వుండాలి అని రాస్తే ఆ వూరికి గారు తగిలేది కాదు.

* * *

ఇది మాటల విషయం. అక్షరాల విషయంలో ఇంతకంటె పెద్ద తప్పు చేస్తారు, నేనూ చేశాను.

చదరపు కుండలీకరణాలు, అంటే [ ] ఇవి, క్యారెక్టర్ క్లాస్. అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టె చూడండి. అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు అన్నీ వుంటాయి. కాని ఈ పెట్టెకు ఒక నియమం: ఒకసారి చెయ్యి పెడితే ఒక్క గింజే రావాలి. [కగత] అంటే క గాని, గ గాని, త గాని, ఏదో ఒక్కటి. అంతే. మూడూ కలిపి కాదు.

ఈ సంగతి మరచిపోయి నేనొకసారి రావులనూ శర్మలనూ ఏరడానికి ఇలా రాశాను:

[రావు|శర్మ]

పోపులపెట్టెలో మాటలు ఇమడవు. అక్షరాలుగా విడిపోతాయి. నిలువుగీత కూడా పెట్టెలో పడితే దాని పెత్తనం పోయి, అదీ ఒక గింజ అవుతుంది. కనుక ఈ మూసకు అర్థం: ర, దీర్ఘం, వ, కొమ్ము, నిలువుగీత, శ, పొల్లు, మ, ఈ ఎనిమిదింటిలో ఏదో ఒక్కటి వుంటే చాలు. కమల వచ్చింది, ఆమెలో మ వున్నది. సరళ వచ్చింది, ఆమెలో ర వున్నది. గోపి, సీత మాత్రం తప్పించుకొన్నారు. మాటలలో ఒకటి కావాలంటే గుండ్రని కుండలీకరణాలు పెట్టాలి: (రావు|శర్మ).

పెట్టెలో మొదట ^ ఈ టోపీ గుర్తు పెడితే "ఇవి కానిది" అని అర్థం వస్తుంది. రావులు కానివాళ్ళు కావాలి గదా అని [^రావు] అని రాసేవాళ్ళున్నారు. అది కూడా ఒక్క గింజ వ్యవహారమే. ఆ నాలుగూ కాని అక్షరం ఒక్కటి ఎక్కడైనా వుంటే సరే అంటుంది. సుబ్బారావులో స వున్నది. కనుక సుబ్బారావు కూడా "రావు కానివాడు" అయి కూర్చుంటాడు.

అదే టోపీ పెట్టె బయట వుంటే అర్థం మారిపోతుంది. బయట ^ అంటే పంక్తి మొదలు. $ అంటే పంక్తి చివర. పాలవాడి లెక్కలో తారీఖులు ఏరుదామని నేను ^[1-31]$ అని రాశాను. ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా అని నా భావం. నెలాఖరున మా ఆవిడ లెక్క చూసి, "నెలంతా పాలు పోస్తే మూడు రోజులే రాశారేం? తక్కినవన్నీ మీరు పితికారా?" అన్నది. ఒక్క గింజ నియమం ఇక్కడా వున్నది. పెట్టెలో "1-3" అంటే ఒకటి నుంచి మూడు దాకా, తరువాత "1" అంటే మళ్ళీ అదే ఒకటి. ముప్ఫై ఒకటి అనే సంఖ్య ఆ పెట్టెకు తెలియదు. సరైనది కాస్త పొడుగు:

^(3[01]|[12][0-9]|[1-9])$

ముప్ఫై, ముప్ఫై ఒకటి. లేదా పది నుంచి ఇరవై తొమ్మిది. లేదా ఒకటి నుంచి తొమ్మిది. ఆ గుండ్రని కుండలీకరణాలు అలంకారానికి పెట్టలేదు. అవి తీసేస్తే మొదలు గుర్తు మొదటి ముక్కకే, చివర గుర్తు చివరి ముక్కకే అంటుకొంటాయి. నిలువుగీత అన్నిటికంటె దూరంగా నరుకుతుంది. ^రామ|కృష్ణ$ అని రాస్తే, రామ గాని కృష్ణ గాని మాత్రమే వున్న పంక్తులు రావు. రామతో మొదలయ్యేవన్నీ, కృష్ణతో ముగిసేవన్నీ వస్తాయి. రామచంద్రపురమూ వస్తుంది, బాలకృష్ణా వస్తాడు.

మరొక చిన్న గుర్తున్నది, అడ్డగీత. పెట్టెలో రెండిటి మధ్య పడితే "నుంచి, దాకా" అంటుంది. ఫోను నంబర్లలో అంకెలు, ఖాళీ, అడ్డగీత, కూడిక గుర్తు వుండవచ్చు గదా అని ఒకరు అదే వరసలో [0-9 -+] అని రాశారనుకోండి. ఖాళీ నుంచి కూడిక గుర్తు దాకా అని అర్థమైపోయింది. కంప్యూటరు పట్టికలో ఆ రెండిటి మధ్య శాతం గుర్తు, డాలరు గుర్తు, నక్షత్రం గుర్తు అన్నీ వున్నాయి. అవన్నీ లోపలికి వచ్చాయి. రావలసిన అడ్డగీత ఒక్కటే బయట వుండిపోయింది. అడ్డగీతను పెట్టె చివర పెడితే అది వట్టి అడ్డగీతగానే వుంటుంది.

* * *

ఇదంతా ఎవరు కనిపెట్టారని మీరు అడగవచ్చు. అమెరికా దేశపు గణిత శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లేనీ. మెదడులోని నరాల అల్లిక ఎటువంటి వరసలను గుర్తుపట్టగలదని 1951లో ఆయన ఆలోచిస్తూ, వాటిని రాయడానికి కొన్ని గుర్తులు కల్పించుకొన్నాడు. ఆ వ్యాసం 1956లో పుస్తకంలో అచ్చయింది. 1968లో కెన్ థాంప్సన్ ఆ గుర్తులతో కంప్యూటరులో మాటలు వెతికే ఉపాయం ప్రచురించాడు. 1973లో బెల్ ప్రయోగశాలల వారి యూనిక్స్‌లో గ్రెప్ వచ్చింది. నరాల సంగతి తేల్చడానికి పుట్టిన గుర్తులు చివరకు మా బావమరిది కవర్ల మీదకు వచ్చాయన్న మాట. వీరెవరి ముందూ తెలుగు అక్షరాలు లేవు. తెలుగుకు యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో చోటు దొరికినది 1991లో.

ఆ పట్టికలోనే మనకు ఇంకొక గొయ్యి వున్నది. మనం "కి" అంటే ఒక అక్షరం అనుకొంటాము. కంప్యూటరుకు అది రెండు: క, దాని మీద గుడి. కనుక [కిగి] అని పెట్టెలో పెడితే, కి గాని గి గాని అని అర్థం కాదు. క, గ, గుడి, ఈ మూడింటిలో ఏదో ఒక్కటి అని అర్థం. "కాకర"లోని కకారం దగ్గర కూడా సరే అంటుంది. ఇక్కడ (కి|గి) అనే రాయాలి. మన గుణింతాలకు పోపులపెట్టె పనికిరాదు.

ఇంతవరకు రాసినవన్నీ నవ్వుకోదగిన పొరపాట్లు. ఇక చెప్పబోయేది అటువంటిది కాదు. అది చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

* * *

మా పేటలో కొందరం కలిసి ఏటా బడులు తెరిచే ముందు, లేనివారి పిల్లలకు పుస్తకాలూ సంచీలూ యిస్తాము. తల్లిదండ్రులు చెప్పిన వివరాలు ఎవరో ఒకరు ఫోనులో తెలుగులో రాసి పంపుతారు. పోయిన సంవత్సరం 312 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో కొన్ని పేర్లు చెదిరిపోయి ప్రశ్నార్థకాలుగా, పిచ్చిగీతలుగా వచ్చాయి. అటువంటివి ఏరివేయడం నా వంతు.

పేరు మొత్తం తెలుగు అక్షరాలతోనే వుండాలని మూస పెట్టాను. మొదట "అ నుంచి హ దాకా" అన్నాను. ఒక్క పేరూ సరిగా నిలవలేదు, దీర్ఘాలూ గుడులూ పట్టికలో హ తరువాత వున్నాయి కనుక. సరే, చివరకు పొల్లు దాకా పొడిగించాను. ఖాళీ, చుక్క కూడా చేర్చాను. పరీక్షకు మా ఆవిడ పేరు కామేశ్వరి పెట్టాను, నిలిచింది. శ్రావణి నిలిచింది. మా బావమరిది సుబ్బారావు నిలిచాడు. సంతోషించి అందరి మీదా నడిపాను. 221 పేర్లు నిలిచాయి. తక్కిన 91 "చెత్త" అనే పేరుతో పక్కన పడేశాను. తెరచి చూడలేదు.

పంచేరోజున వరసలో అందరూ వచ్చి చీటీ చూపించి తీసుకొని వెళ్ళారు. చివరకు మా వీధిలో ఇస్త్రీ చేసే ఆమె, ఎనిమిదేళ్ళ కూతురిని పట్టుకొని వచ్చింది. పిల్ల పేరు గంగ. జాబితాలో లేదు.

"నీ దరఖాస్తులో ఏదో తప్పు వుండి వుంటుందమ్మా. వచ్చే సంవత్సరం జాగ్రత్తగా రాయించు" అన్నాను.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, "మీరే రాశారు గదండీ బాబుగారూ. మీ అరుగు మీదే కూర్చుని చెప్పాను" అన్నది.

నిజమే. నేనే రాశాను. నా ఫోనులోనే రాశాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పిల్ల మాత్రం మిగిలిన సంచీల వైపు చూస్తూ నిలబడింది. ఆ మిగిలినవి నా చెత్తలో వున్న పిల్లలవే అని అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం శ్రావణిని కూర్చోబెట్టుకొని ఆ 91 తెరిచాను. గంగ. మంగ. చంద్రయ్య. సుందరి. శంకర్. ఆంజనేయులు. పెంచలయ్య. వెంకటలక్ష్మి, వెంకటేశు, మళ్ళీ వెంకటలక్ష్మి. ఒక్కటీ చెదిరిన పేరు కాదు. ముత్యాల్లా వున్నాయి. నేను తెల్లబోయి చూస్తూ వుంటే శ్రావణి, "తాతయ్యా, అందరి పేర్లలోనూ సున్న వుంది" అన్నది.

మనం బడిలో చదువుకొన్న వరసలో అ, ఆ మొదలుపెట్టి ఔ అయిన తరువాత అం, అః వస్తాయి. నా తలకాయలో ఆ వరసే వున్నది. కంప్యూటరు పట్టికలో అరసున్న, నిండుసున్న, విసర్గ మూడూ అ కంటె ముందే వున్నాయి. "అ నుంచి" అన్నప్పుడే ఆ మూడూ గుమ్మం బయట ఆగిపోయాయి. సున్న వున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ వాటితోనే ఆగిపోయారు. మా ఇంట్లో పరీక్షించిన పేర్లలో సున్న లేదు. అందుచేత నాకు తెలియలేదు.

లెక్క చూస్తే 84 మంది సున్నల వాళ్ళు. ఇద్దరు రాజ్‌కుమార్ వంటి పేర్లవాళ్ళు. జకారపు పొల్లు తరువాత అక్షరం కిందకు దిగి వత్తుగా మారకుండా, కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతారు, అది తెలుగు గడులలోనిది కాదు. నిజంగా చెదిరినవి అయిదే అయిదు. ఆ అయిదింటి కోసం నేను ఎనభై ఆరుగురిని చెత్తలో వేశాను.

మూస దిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. అక్షరాలను నేను ఏరి కూర్చడం మాని, తెలుగుకు కేటాయించిన 128 గడులూ మొత్తం తీసుకొన్నాను. ఆ కనిపించని గుర్తును విడిగా చేర్చాను. ఇళ్ళకు తిరగడానికి మాత్రం ఎనిమిది రోజులు పట్టింది. ఎవరో అడిగితే "చీటీలు ఆలస్యమయ్యాయి" అని చెబుదామన్నారు మాలో ఒకరు. నాకు మనసు ఒప్పలేదు. ప్రతి ఇంటి దగ్గరా "పొరపాటు నాది" అనే చెప్పాను.

కొందరు నవ్వి వూరుకొన్నారు. ఒక ఇంట్లో మాత్రం, అప్పటికే అప్పు చేసి పుస్తకాలు కొన్నారు. ఆ సంచీ పిల్లవాడు తీసుకొన్నాడు గాని, తండ్రి నా వైపు చూడలేదు.

* * *

ఇప్పుడు మా శ్రావణి నాకొక నియమం పెట్టింది. మీలో ఈ విద్య తెలిసినవాళ్ళుంటే మీకూ పనికివస్తుంది. మూస రాసిన తరువాత, అది పట్టుకొన్నవాటిని చూసి మురిసిపోగూడదు. వదిలినవాటిని తెరిచి చదవాలి. పరీక్షకు మన ఇంటి పేర్లు చాలవు, వీధి చివరి ఇంటి పేర్లు కూడా తెచ్చుకోవాలి. ఒత్తు వున్న పేరు, సున్న వున్న పేరు, పొల్లుతో ముగిసే పేరు, మూడు ముక్కల పేరు, ఒక్క అక్షరం పేరు. పెట్టెలో ఏం వేశామో, నిలువుగీత ఎంత దూరం నరుకుతున్నదో బయటకు చదివి చెప్పుకోవాలి.

ఈ విద్య తెలియనివాళ్ళకు కూడా ఒక మాట వున్నది. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, దరఖాస్తు పెట్టినచోటో "మీ పేరు తప్పుగా వుంది, కంప్యూటరు తీసుకోవడం లేదు" అని ఎవరైనా అంటే, తల వంచుకొని వెనక్కు రాకండి. తప్పు మీ పేరులో కాక, ఎవరో నా వంటివాడు రాసిన మూసలో వుండవచ్చు. ఇంకొకసారి చూడమని మర్యాదగా అడగండి.

గంగ వాళ్ళ ఇంటికి నేను అందరికంటె ముందు వెళ్ళాను. సంచీ యిస్తే తల్లి అందుకొన్నది. పిల్ల పుస్తకాల మీద చెయ్యి వేసి చూసుకొంటున్నది.

"మా పిల్ల పేరులో ఏం తప్పున్నదండీ?" అని అడిగింది ఆమె.

"పేరులో లేదమ్మా. నాకు అక్షరాల వరస సరిగా రాలేదు" అన్నాను.

గంగ తలెత్తి నా వంక చూసింది. "నాకొచ్చు" అన్నది.